కువైట్‌లో వనీత్ తోలబోయే తమ్ముళ్లకు: క్యాబిన్‌లో టకటక వినబడితే

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్‌కు డ్రైవర్లుగా వెళ్లే కుర్రాళ్లు వీసా చేతికొచ్చాక నెల్లూరు ఆటోనగర్‌లో నా షాపు దగ్గర ఆగి, "అన్నా, అక్కడ బండి సంగతి ఎట్టా?" అని అడుగుతుంటారు. తొమ్మిదేళ్లు కువైట్‌లోని షువైఖ్ గ్యారేజీల్లో వైరింగ్ పనే చేశాను. అక్కడ పికప్‌ను వనీత్ అంటారు. కొత్తగా వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా భయపడేది ఇంజన్‌కు కాదు, క్యాబిన్‌లో వచ్చిపోయే చప్పుళ్లకి. సేఠ్ జీతంలో పట్టుకుంటాడేమోనని ఎవరికీ చెప్పకుండా, డ్యాష్‌బోర్డు ఊడదీసి వైర్లు లాగి, చిన్నదాన్ని పెద్దది చేసుకుంటారు.

ముందుగా ఒక మాట. గంటకు 120 కిలోమీటర్లు దాటగానే టింగ్ టింగ్ మని మోగితే అది రిపేరు కాదు. గల్ఫ్ కోసం తయారైన బండ్లలో వేగం హెచ్చరిక అది. మన దేశంలోనూ 2019 జులై 1 నుంచి తయారైన కార్లలో 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆపకుండా బీప్ వస్తుంది. పాత బండ్ల మీద చెయ్యి తిరిగినవాళ్లకు అది కొత్తగా ఉంటుంది, అంతే. వేగం తగ్గించు, ఆగిపోతుంది.

మిగతా చప్పుళ్లకు నేను చెప్పేది ఒక్కటే: వైరు ముట్టుకోకముందు, అది ఎప్పుడొస్తోందో రాసుకో.

ఒక జులైలో ఆత్మకూరు కుర్రాడు ఒకడు నీళ్ల కార్టన్లు వేసే వనీత్ తీసుకొచ్చాడు. డ్యాష్‌బోర్డు వెనక బల్లి పలికినట్టు టకటకమంటోందట. గ్యారేజీకి తెస్తే మాత్రం నోరు విప్పదు. స్టీరియో ఊడదీశాడు, ఫ్యూజులన్నీ మార్చాడు, లాభం లేదు. మూడు రోజులు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకురమ్మన్నాను. రాసుకొచ్చాడు: "రెండున్నర, ఎండ, స్పీడ్ బ్రేకర్ దాటాక. మూడుంబావు, గుంటలో పడ్డాక. పొద్దున ఒక్కసారీ లేదు." ఆ అట్ట చూడగానే సగం పని అయిపోయింది. వేడి, కుదుపు రెండూ కలిస్తేనే వస్తోందంటే ఎక్కడో జాయింటు లూజు.

తాళం ఆన్ చేసి, ఇంజన్ ఆపి, అతన్ని తలుపు గట్టిగా వేస్తూ ఉండమని నేను లోపల పడుకున్నాను. రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చి డబ్బాలు, ఒక్కొక్కటి మీద వేలు పెట్టి చూశాను. చప్పుడు చేసే రిలే వేలికి కొట్టుకుంటుంది, చెవికంటే వేలు నమ్మకం. ఫ్యూజు బాక్సులో ఏదీ కదల్లేదు. పెడళ్ల పైన నల్ల టేపు చుట్టిన ఇంకో రిలే దొరికింది. ఎవరో తర్వాత బిగించిన జీపీఎస్ ట్రాకర్‌ది. దాని ఎర్త్ వైరును, అంటే కరెంటు బండి బాడీలోకి తిరిగి వెళ్లే వైరును, పెయింటు గీకకుండానే స్క్రూ కింద పెట్టేశారు. రిలేలో కాయిల్‌కు కరెంటు ఉన్నంతసేపు స్విచ్చి అతుక్కుని ఉంటుంది. ఎర్త్ తెగితే స్ప్రింగ్ వదిలేస్తుంది, టక్. మళ్లీ తగిలితే లాగుతుంది, టక్. వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒక కొస ఆ ఎర్త్ మీద, ఇంకో కొస బ్యాటరీ మైనస్ మీద పెడితే 0.2 వోల్టు లోపే చూపించాలి. అది మూడు దాకా ఎగిరింది. పెయింటు మెరిసేదాకా గీకి, స్ప్రింగ్ వాషరు వేసి బిగించాను. మళ్లీ రాలేదు.

ఇక్కడ ముత్తుకూరు, ఇందుకూరుపేట రొయ్యల గుంటల మీద తిరిగే పికప్‌లకూ ఇదే జబ్బు. ఇక్కడ ఉప్పు గాలికి ఎర్త్ తుప్పు పడుతుంది, అక్కడ 50 డిగ్రీల ఎండకు ప్లాస్టిక్కూ జాయింట్లూ సడలుతాయి. అందుకే తర్వాత ఎవరో బిగించినవి ముందు చూడు: స్టీరియో, కెమెరా, చార్జరు, ట్రాకరు.

యాక్సిలరేటరు తొక్కే కొద్దీ స్పీకర్లలో కుయ్‌మని పెరిగితే వాల్యూం సున్నా చెయ్యి. పోతే స్టీరియోలోకి పాట తెచ్చే వైర్లు, యాంటెన్నా వైపు, పోకపోతే దాని ఎర్త్, బ్యాటరీని చార్జి చేసే డైనమో వైపు చూడాలి. చార్జరు పీకి కూడా చూడు, చవక చార్జర్లు రేడియోలో గరగర పుట్టిస్తాయి. బ్యాటరీ ఇంజన్ ఆపినప్పుడు 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 అటూఇటూ ఉండాలి. తాళం తిప్పితే టకటకటకమని చప్పుడే వచ్చి సెల్ఫ్ కొట్టకపోతే చాలాసార్లు బ్యాటరీ నీరసమే. చేత్తో నొక్కితే ఆగే కిరకిర అయితే ప్లాస్టిక్‌ది, కరెంటుది కాదు. ఏసీ వేడి చల్లన మార్చినప్పుడే లోపల టిక్ టిక్ మంటే గాలి దారి తిప్పే చిన్న మోటారు పళ్లు అరిగాయని అనుమానించు.

కొన్ని మాత్రం చేయవద్దు, తమ్ముడూ. పసుపు గొట్టంలో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోకు. 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు ఉన్నచోట 20 పసుపుది పెట్టకు. మన దగ్గర చేసినట్టు రాగి తీగ చుట్టకు. ఆ ఎండలో వైరు అంటుకుంటే బండితోపాటు నువ్వూ ఉంటావు లోపల.

గ్యారేజీలో భాష రాదని దిగులు వద్దు. సెల్ఫ్, డైనమో అక్కడ కూడా సెల్ఫ్, డైనమోనే. కరెంటు మేస్త్రీ కావాలంటే "కహ్రబాయీ" అని అడుగు. వెళ్లే ముందే సేఠ్‌కు చెప్పు, చప్పుడు వీడియో చూపించు. వీడియోలో తాళం ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో, మీటర్లు ఏం చూపిస్తున్నాయో కనబడాలి. అది నువ్వు తోలుతూ తీయకు, పక్క సీట్లో కూర్చున్నవాడి చేత తీయించు.