దీపం ఉండగానే: నిధుల కోత మధ్య పీహెచ్‌డీ థీసిస్ ముగించడం

యూనివర్సిటీకి నిధులు తగ్గాయన్న కబురు రాగానే రీసెర్చ్ స్కాలర్లు సాధారణంగా రాత వేగం పెంచుతారు. మూడు నెలలు తిరిగేసరికి ఇంట్రడక్షన్ చక్కగా తయారవుతుంది, ఈలోగా డేటా తెరిచే సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాస్తా అయిపోతుంది. ఇంట్రడక్షన్ ఏ బల్ల మీదైనా రాసుకోవచ్చు. ల్యాబ్ తాళం, లైసెన్సు, లైబ్రరీ లాగిన్ అలా కాదు. అందుకే పనుల వరుస ఒక్క లెక్కతో వేసుకోవాలి: ఏది ముందు చేజారుతుందో దాన్ని ముందు ముగించడం.

తేదీలు రాతలో ఉండాలి

తెలుసుకోవాల్సిన తేదీలు నాలుగు: ఫెలోషిప్ చివరిసారి పడే నెల, రిజిస్ట్రేషన్ ముగిసే రోజు, ఎథిక్స్ అనుమతి గడువు, గైడ్ ఆ సంస్థలో ఉండే కాలం. నాలుగోది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. కోతలప్పుడు ముందు ఎసరొచ్చేది తరచూ కాంట్రాక్టు ఉద్యోగాలకే కాబట్టి అడగక తప్పదు. కో-గైడ్‌ను చేర్చుకునే దరఖాస్తు మీద సంతకం గైడ్ ఉండగానే పడాలి.

"చూద్దాంలే, ఏదో ఒకటి చేద్దాం" అన్న నోటిమాట మీద ప్లాన్ వేయకండి. మాట్లాడిన రోజే ఒక మెయిల్ పెట్టండి: "ఈరోజు అనుకున్న ప్రకారం నా ఫెలోషిప్ ఫలానా నెలాఖరు వరకు వస్తుంది. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు ప్రాజెక్టు నిధుల నుంచి కడతారు. పొరబడి ఉంటే దయచేసి సరిచేయండి." తప్పుంటే అప్పుడే బయటపడుతుంది. లేదంటే రేపు ఆఫీసు కొర్రీ వేసినప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

డబ్బు ఆగిన నెల నుంచి సెలవు పెట్టేద్దామన్న ఆలోచన వస్తుంది. పెట్టేముందు నిబంధనలు చదవండి. సెలవు కాలంలో లాగిన్, ఇన్సూరెన్స్ ఆగిపోయే చోట్లున్నాయి. విదేశీ విద్యార్థికైతే అది వీసా మీదికే రావచ్చు.

డేటాను బయటికి తేవడం

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ ఫైలునే చూడండి. కంగారులో సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ పట్టికగా, సేవ్ చేస్తే అంకెలు వస్తాయి, వాటి అర్థాలు మామూలుగా రావు. 1 అంటే ఏమిటి, 2 అంటే ఏమిటి అన్న లేబుళ్లు ఎగిరిపోతాయి. అంతకన్నా ప్రమాదం, వయసు చెప్పనివారికి ఆ కాలమ్‌లో పెట్టిన 99. ఎస్‌పీఎస్‌ఎస్‌లో దాన్ని మిస్సింగ్ (జవాబు లేదు) అని ప్రకటించి ఉంటారు కాబట్టి సగటులోకి రాదు. సీఎస్‌వీలోకి వచ్చాక అది 99 ఏళ్ల మనిషి అయిపోతుంది. వందలో పదిమంది అలాంటివారుంటే, మిగతా తొంభైమంది సగటు 30 అయినా లెక్క 36.9 చూపిస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు.

కాబట్టి అసలు ఫైలును అలాగే దాచి, ఆర్ (R) అనే ఉచిత గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోని హేవెన్ ప్యాకేజీతో తెరవండి. లేబుళ్లు నిలుస్తాయి, ప్రకటించిన మిస్సింగ్ విలువలు ఖాళీలుగానే వస్తాయి. ఉచితంగా దొరికే పీఎస్‌పీపీ సాఫ్ట్‌వేర్ కూడా ఆ ఫైలును తెరుస్తుంది, కాకపోతే ఎస్‌పీఎస్‌ఎస్‌లోని అన్ని పరీక్షలూ అందులో లేవు. పాత లైసెన్సు ఇంకా నడుస్తుండగానే ప్రతి వేరియబుల్‌కూ ఎన్ని విలువలున్నాయి, సగటు, కనిష్ఠం, గరిష్ఠం ఎంత అన్నవి రెండు చోట్లా పోల్చుకోండి. ఒక పూట పని.

లెక్కల సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్ వాడేవాళ్లకు చిక్కు వేరు. వెర్షన్ 7.3 ఫార్మాట్‌లో సేవ్ అయిన ఫైళ్లు పైథాన్‌లో సైపై (SciPy) లైబ్రరీ మామూలు లోడర్‌తో తెరుచుకోవు. ఒక్కో వేరియబుల్ 2 జీబీ లోపుంటే వెర్షన్ 7 ఫార్మాట్‌లో మళ్లీ సేవ్ చేసుకోండి. ఎన్‌వివో సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్వ్యూలు కోడ్ చేసినవారు, అంటే మాటలకు అంశాల వారీగా గుర్తులు పెట్టుకున్నవారు, ప్రాజెక్టును క్యూడీపీఎక్స్ ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే అదే పని చేసే అట్లాస్ టీఐ, మ్యాక్స్‌క్యూడీఏ కూడా చదవగలవు. మైక్రోస్కోప్ బొమ్మలను టిఫ్‌లోకి మార్చేటప్పుడు అసలు ఫైళ్లు పారేయకండి. పిక్సెల్ సైజు పోతే స్కేల్ బార్ గీయడానికి ఆధారం ఉండదు.

రిఫరెన్సులు ఎండ్‌నోట్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, అదే పని చేసే జోటెరోకు మార్చుకోవచ్చు. ఉచిత ఖాతాలో ఫైళ్లకు 300 ఎంబీ చోటే ఉంటుంది కాబట్టి పీడీఎఫ్‌లు సొంత డిస్క్‌లో పెట్టి, జాబితా మాత్రం సింక్ చేయండి. ఖాతా తెరిచేది సొంత మెయిల్‌తో, యూనివర్సిటీ మెయిల్‌తో కాదు.

మనుషుల నుంచి సేకరించిన డేటా విషయంలో మాత్రం చేతికందింది కాపీ చేసుకోవడం కుదరదు. సమ్మతి పత్రంలో ఎక్కడ భద్రపరుస్తామని రాశారో అక్కడే ఉండాలి. మార్చాలంటే ఎథిక్స్ కమిటీ సవరణ అనుమతి తీసుకోవాలి. దానికి వారాలు పడుతుంది కనుక దరఖాస్తు ఈ వారమే వెళ్లాలి.

థీసిస్‌కు కత్తిరింపు

డబ్బు తగ్గినప్పుడు థీసిస్ పరిధీ తగ్గాలి. ఏది తీయాలో తేల్చే ప్రశ్న ఒక్కటే: ఇది లేకపోతే మిగతా చాప్టర్ల వాదన కూలుతుందా? మూడో ప్రయోగం కొత్త ప్రశ్నకు జవాబైతే తీసేయొచ్చు. రెండో ప్రయోగానికి కంట్రోల్ (దాని ఫలితాన్ని పోల్చి చూసే ఆధారం) అయితే, ఉన్న డబ్బులో మొదటి వాటా దానిదే. పదిమంది ఇంటర్వ్యూలు మిగిలిపోయాయా? చివరి నాలుగైదు ఇంటర్వ్యూల్లో కొత్త కోడ్ ఏదీ పుట్టకపోతే అక్కడితో ఆపి, ఆ సంగతి మెథడ్స్‌లో రాసి సమర్థించుకోవచ్చు.

తీసేసిన దాన్ని నిధుల్లేక మానేశామని రాసి వదిలేయడం పరీక్షకులకు ఆనదు. తగ్గిన శాంపిల్‌తో ఏ నిర్ధారణ చేయగలం, ఏది చేయలేం అని చెప్పాలి. రిజిస్టరైన శీర్షికలో "దీర్ఘకాల ప్రభావం" అని ఉండి, చేతిలో ఒకే విడత సర్వే ఉంటే శీర్షిక కూడా మార్చాలి. ఆ దరఖాస్తు ఆలస్యమైతే సబ్మిషన్ కౌంటర్ దగ్గరే ఫైలు ఆగిపోతుంది. కత్తిరింపుకు గైడ్ ఒప్పుకుంటే చాలదు, కమిటీ మినిట్స్‌లోకి ఎక్కించండి.

వెనక నుంచి వారాల లెక్క

చేతిలో 24 వారాలున్నాయనుకుందాం. చివరి 2 వారాలు ఫార్మాటింగ్‌కు, సారూప్యత (కాపీ ఉందేమో చూసే) తనిఖీకి పోతాయి. వాటికి ముందు 4 వారాలు గైడ్ మొత్తం చదివి, మీరు దిద్దడానికి. జబ్బులకు, ఆఫీసు పనులకు 3 తీసేస్తే మిగిలేవి 15. వారానికి ఐదు రోజుల చొప్పున 75 రోజులు, రోజుకు 300 పదాలైతే 22,500. ఇంకా రాయాల్సింది ఇంతకన్నా ఎక్కువుంటే పదాల లక్ష్యం పెంచకండి, పైన చెప్పిన కత్తిరింపు మళ్లీ చేయండి.

రాత టేబుళ్లు, బొమ్మలతో మొదలుపెట్టండి. తర్వాత మెథడ్స్, రిజల్ట్స్, చర్చ. ఇంట్రడక్షన్ చివరికి. గైడ్‌కు ఒక్కో చాప్టర్ విడిగా పంపుతూ, "వాదన నిలబడుతోందా, మూడో టేబుల్ అవసరమా" అని రెండే ప్రశ్నలు అడగండి. "చూసి చెప్పండి" అని పంపిన చాప్టర్ కామాల దిద్దుబాట్లతో నెల తర్వాత తిరిగొస్తుంది.

సబ్మిట్ చేశాక

వైవా (మౌఖిక పరీక్ష) తర్వాత పరీక్షకులు ఒక టేబుల్ మళ్లీ లెక్కించమంటే అదే డేటా, అదే కోడ్, అవే వెర్షన్లు కావాలి. సబ్మిట్ చేసిన రోజున ఉన్నదున్నట్టు ఫోల్డర్ మొత్తాన్ని తేదీ వేసి విడిగా దాచండి, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి అందులోనే పెట్టండి. దిద్దుబాట్లు ఆమోదం పొందేవరకు మెయిల్, లైబ్రరీ లాగిన్ కొనసాగించమన్న అభ్యర్థన సబ్మిషన్ కాగితాలతో పాటే ఇవ్వాలి. ఖాతా మూతపడ్డాక అడిగితే ఆ అభ్యర్థన పంపడానికి కూడా మెయిల్ ఉండదు.