మానవ భూగోళశాస్త్రం, నాలుగో పాఠం: జనసాంద్రతలో హారం సంగతి

గత పాఠం చివర మీ మండలం విస్తీర్ణాన్ని, 2011 జనాభాను నోటుపుస్తకంలో రాసి ఉంచుకోమని చెప్పాను. 2021లో జరగవలసిన జనగణన ఆ ఏడు జరగలేదు కనుక, సీయూఈటీ వంటి ప్రవేశ పరీక్షలకు చదివే పాఠ్యపుస్తకాలు 2011 లెక్కలనే చెబుతున్నాయి.

ముందుగా తేలికైన లెక్క చేద్దాం. 2011లో నెల్లూరు జిల్లా జనాభా 29,63,557, విస్తీర్ణం 13,076 చదరపు కిలోమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 227 మంది వస్తారు. ప్రకాశంలో 33,97,448 మందిని 17,626తో భాగిస్తే 193 వస్తుంది. దేశం సగటు 382. దీనిని అంకగణిత సాంద్రత అంటారు. ఇంతవరకు తప్పు చేసేవారు ఉండరు, తప్పంతా ఆ అంకెను అర్థం చేసుకోవడంలోనే జరుగుతుంది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో జిల్లా సగటును నమ్ముకొని పటం నిండా జనాన్ని చూపే చుక్కలు సమానంగా పెట్టాను, సోమశిల జలాశయంలో సైతం నాలుగు పడ్డాయి. లెక్చరర్ గారు ఎర్ర సిరాతో ‘వీరు ఈదుతున్నారా?’ అని రాసి ఇచ్చారు. పడమట వెలిగొండల అంచున ఉన్న సీతారామపురం వైపూ, పెన్నా కాలువల కింద ఉన్న కోవూరు వైపూ ఒక్కసారి బస్సులో వెళ్లి చూస్తే 227 అనేది ఈ రెండు చోట్లకూ చెందని అంకె అని తెలిసిపోతుంది. 2011 నాటి ప్రకాశంలో నల్లమల అడవి కూడా విస్తీర్ణంలో భాగమే కాబట్టి, మనుషులు లేని ఆ నేల హారంలో, అంటే భాగించే అంకెలో, చేరి సగటును కిందికి లాగుతుంది.

అందుచేత సాంద్రత ఏదైనా కనబడగానే మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: హారంలో ఏముంది? నెల్లూరులో ఇంటిస్థలం అంకణాల్లో బేరమాడే వారికి ఇది కొత్త సంగతి కాదు. అంకణమంటే కొన్ని ఊళ్లలో 36 చదరపు అడుగులు, మరికొన్ని ఊళ్లలో 72. అది తెలుసుకోకుండా రెండు ఊళ్ల ధరలు పోల్చేవారిని చూసి బ్రోకర్లే నవ్వుతారు.

హారంలో మొత్తం నేలకు బదులు నికర సాగు విస్తీర్ణాన్ని పెడితే వచ్చేది ఫిజియలాజికల్ సాంద్రత. హారాన్ని అలాగే ఉంచి, లవంలో, అంటే పైన ఉండే అంకెలో, సేద్యగాళ్లను, వ్యవసాయ కూలీలను, వారి కుటుంబ సభ్యులను మాత్రమే పెడితే వచ్చేది వ్యవసాయ సాంద్రత. పరీక్షలో ఈ రెండింటినీ తారుమారు చేసి ఇవ్వడం పాత అలవాటు, కాబట్టి లవం మారిందా, హారం మారిందా అన్నది చూసుకొని జవాబు గుర్తించండి.

ఊహకు రెండు ఊళ్లు తీసుకుందాం. మెట్టలోని ఊరిలో 3,000 మంది, మొత్తం నేల 10 చదరపు కిలోమీటర్లు, సాగయ్యేది 4, సేద్యం మీద బతికేవారు 1,800. డెల్టా ఊరిలోనూ 3,000 మందే, కాని నేల 6, సాగు 5, సేద్యం మీద ఆధారపడినవారు 2,000. మెట్ట ఊరికి మూడు సాంద్రతలు వరుసగా 300, 750, 450 వస్తాయి. డెల్టా ఊరికి 500, 600, 400 వస్తాయి. మొదటి అంకె చూసి మెట్ట ఊరు ఖాళీగా ఉందని అనుకున్నవారు రెండో అంకె దగ్గర ఆగి ఆలోచించాలి, ఎందుకంటే పండే నేల మీద ఒత్తిడి అక్కడే ఎక్కువ. పైగా కాలువ కింద రెండు కార్లు (పంటలు) పండే ఎకరాన్నీ, వాన కోసం ఆకాశం వైపు చూసే ఎకరాన్నీ ఈ హారం ఒకే తీరుగా లెక్కిస్తుంది కనుక, అసలు తేడా 600కీ 750కీ మధ్య ఉన్నదానికంటే పెద్దది. ఈ లోపాన్ని పాఠ్యపుస్తకం తగినంతగా చెప్పదని నా అభిప్రాయం. ప్రపంచ స్థాయిలో ఇదే సంగతికి ఈజిప్టును ఉదాహరణగా ఇస్తారు. అక్కడ సాగుకు పనికివచ్చే నేల నూటికి మూడు నాలుగు వంతులే, జనం దాదాపు అంతా నైలు ఒడ్డునే ఉంటారు.

హారం మరొక విధంగానూ మారుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు నెల్లూరులో చేరింది. ఒక్క కుటుంబం కూడా ఇల్లు మారకుండానే జిల్లాల సాంద్రతలు మారిపోయాయి. జనం ఒత్తుగా ఉండే చీరాల పోయినందువల్ల ప్రకాశం సగటు తగ్గింది. కాబట్టి 193 అని రాసేటప్పుడు అది పాత సరిహద్దుల అంకె అని పక్కన తప్పక రాయండి.

వచ్చే పాఠానికి మీ ఊరి లెక్క మీరే తయారు చేయాలి. గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) గారిని అడిగి, ఊరి పంటల లెక్కల పుస్తకమైన అడంగల్‌లో సాగు విస్తీర్ణం చూడండి. అది ఎకరాల్లో ఉంటుంది, 247తో భాగిస్తే చదరపు కిలోమీటర్లు వస్తాయి. ఎడగారు (రెండో పంట) వేసిన భూమిని రెండోసారి కలపవద్దు, నికర సాగంటే ఒక నేలను ఒక్కసారే లెక్కించడం. మూడు సాంద్రతలూ కట్టాక, మీ వీధిలో తాళం వేసి ఉన్న ఇళ్లెన్నో, ఆ ఇంటివారు ఏ నెలలో ఏ ఊరికి పనికి వెళ్లారో ఆ పక్కనే రాసి ఉంచండి. అయిదో పాఠం వలసల గురించి, ఆ జాబితా లేకుండా అది మొదలుకాదు.