బొల్లి మచ్చ కనబడిన నాటి నుంచి చేయవలసినవి

పత్తి ఏరే రోజుల్లో ఎండిన కాయల మొనలు గీరుకొని వేళ్ళ మీద గాట్లు పడటం నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. మా అక్కకు మాత్రం ఒక ఏడు ఆ గాట్లు మానిన చోటల్లా చర్మం పాలలా తెల్లబడింది, ఆపైన ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ తేలింది. పాలూ చేపలూ కలిపి తిన్నదని ఒకరు, నాగదోషమని ఒకరు, ఫ్లోరైడ్ నీళ్ళ వల్లనని మరొకరు చెప్పారు. ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. ఫ్లోరైడ్ పళ్ళనూ ఎముకలనూ పాడుచేస్తుంది గాని చర్మం రంగును తీసివేయదు.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను మెలనోసైట్లు అనే కణాలు తయారుచేస్తాయి. రోగాల నుంచి మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరపాటున ఈ కణాలనే శత్రువులుగా భావించి చంపివేయడమే బొల్లి. కనుక ఇది అంటువ్యాధి కాదు. కలిసి తిన్నా, ఒకే తువ్వాలు వాడినా సోకదు. వంశంలో కొంతవరకు రావచ్చు గాని, తల్లిదండ్రులకు ఉన్నంత మాత్రాన పిల్లలకు రావాలన్న నియమం లేదు.

అన్నిటికంటే ముందు, ఆ మచ్చ బొల్లియేనా అన్నది తేల్చుకోవాలి. పిల్లల బుగ్గల మీద పొడిబారినట్టు కనిపించే పాలిపోయిన మచ్చలు, మెడ మీదా ఛాతీ మీదా సన్నని పొట్టు రాలే శోభి మచ్చలు బొల్లి కావు. కుష్ఠు మచ్చ సాధారణంగా పూర్తి తెలుపుగా ఉండక పాలిపోయి ఉంటుంది, అక్కడ స్పర్శ తగ్గుతుంది. దూదితో తాకినా తెలియకపోతే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి, మందులు అక్కడ ఉచితం. బొల్లి మచ్చలో స్పర్శ మామూలుగానే ఉంటుంది, సాధారణంగా నొప్పి గాని పొట్టు గాని ఉండవు. చర్మవ్యాధుల వైద్యులు చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే దీపం పట్టి చూస్తే బొల్లి మచ్చ నీలి తెలుపుతో మెరుస్తుంది. బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ లోపం కొంత ఎక్కువగా కనబడుతుంది కాబట్టి ఆ రక్తపరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

నుదుటి మీద సరిగ్గా బొట్టు పెట్టుకునే చోటనే తెల్లబడితే స్టిక్కరు జిగురును, పాదం మీద చెప్పు పట్టీ ఆకారంలో తెల్లబడితే రబ్బరును అనుమానించాలి. వాటిలోని కొన్ని రసాయనాలు రంగు కణాలను నేరుగా చంపుతాయి. అప్పుడు ఆ వస్తువును మానడమే చికిత్సలో మొదటి మెట్టు.

చికిత్సకు రెండు లక్ష్యాలున్నాయి: మచ్చలు పాకకుండా ఆపడం, పోయిన రంగును తిరిగి రప్పించడం. మచ్చలు కొద్దిగా ఉంటే పూత మందులతో మొదలుపెడతారు. ఒంటి మీద స్టెరాయిడ్ పూతను కొంతకాలం వాడి మధ్యలో విరామం ఇస్తారు. ముఖం, కనురెప్పల వంటి పలుచని చర్మానికి టాక్రోలిమస్ అనే, స్టెరాయిడ్ కాని పూత మందు మేలు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీమును నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలుచబడి ఎర్ర నరాలు తేలుతాయి, కాబట్టి ఆ పని చేయరాదు. మచ్చలు వేగంగా పాకుతుంటే వారానికి వరుసగా రెండు రోజులు మాత్రమే వేసుకునే స్టెరాయిడ్ మాత్రలను కొంతకాలం ఇస్తారు. అది పూర్తిగా వైద్యుల పర్యవేక్షణలో జరగవలసిన పని. రుక్సోలిటినిబ్ అనే పూత మందుకు 2022లో అమెరికాలో అనుమతి లభించింది.

మచ్చలు ఎక్కువగా ఉన్నవారికి నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతితో చేసే చికిత్స ప్రధానం. 311 నానోమీటర్ల దగ్గరి కాంతిని వారానికి రెండు మూడు సార్లు, కళ్ళకు అద్దాలు పెట్టి, కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇస్తారు. మచ్చ లేత గులాబీ రంగుకు తిరిగి, ఒక రోజులో తగ్గితే మోతాదు సరిపోయినట్టు. బొబ్బ లేస్తే ఎక్కువైనట్టు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైద్య కళాశాలల ఆస్పత్రులలో చర్మ విభాగానికి వెళ్ళినప్పుడు ఈ యంత్రం అందుబాటులో ఉందో లేదో ముందే అడగాలి, ఎందుకంటే వారానికి రెండు సార్లు హైదరాబాద్ బస్సెక్కడం కూలి చేసుకునేవారికి సాధ్యమయ్యేది కాదు, చికిత్స సగంలో ఆగేది చాలాసార్లు ఇక్కడే. మూడు నెలలు గడవకుండా ఫలితం లేదని తీర్మానించకూడదు. ఆరు నెలలు, ఏడాది పట్టడం మామూలే.

రంగు ఎలా వస్తుందో తెలిస్తే ఓపిక పట్టడం తేలిక. వెంట్రుక కుదురులో దాగిన రంగు కణాలు పైకి పాకి వస్తాయి. అక్క ముంజేతి మచ్చలో పదో వారానికి ఒక్కో వెంట్రుక చుట్టూ ఆవగింజంత గోధుమ రంగు చుక్క కనబడింది. ఆ చుక్కలు పెరిగి ఒకదానికొకటి కలిశాకే మచ్చ నిండింది. రోజూ అద్దంలో చూసుకునేవారికి ఈ మార్పు తెలియదు, కాబట్టి నెలకొకసారి అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడితే, లేదా వేలి కొసలు, పెదవుల వంటి వెంట్రుకలు లేని చోట్లయితే రంగు రావడం కష్టం. అలాంటి మచ్చ కనీసం ఏడాదిపాటు పెరగకుండా నిలిస్తే, మంచి చర్మం నుంచి రంగు కణాలను తెచ్చి నాటే శస్త్రచికిత్స గురించి అడగవచ్చు.

బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోమనే సలహా ఇప్పటికీ వినబడుతుంది. బావంచాలలో చర్మాన్ని ఎండకు సున్నితం చేసే సోరాలెన్ అనే పదార్థం నిజంగానే ఉంది, వైద్యులు కొలతతో వాడేదీ అదే. కాని పాలమూరు ఏప్రిల్ ఎండకు కొలత ఎవరు వేస్తారు? బొబ్బలెక్కి మానిన చోట కొత్త మచ్చ లేచే ప్రమాదం ఉంది. గీరుకున్నా, రాపిడి తగిలినా కూడా ఇదే జరుగుతుంది. లంగా నాడా బిగించి కట్టే నడుము దగ్గర మచ్చలు రావడానికి కారణం ఇదే. నాడా స్థానంలో వెడల్పాటి పట్టీ వేయాలి, పత్తి ఏరేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, ఎండకు తెల్లని భాగాలను కప్పుకోవాలి.

రంగు నిండగానే మందులన్నీ ఒక్కసారి మానకూడదు. ఏడాదిలోపు మచ్చ తిరగబెట్టే అవకాశం చాలామందిలో ఉంటుంది గనుక, నిండిన చోట వారానికి రెండు రోజులు టాక్రోలిమస్ రాస్తూ ఉండమని వైద్యులు చెబుతారు. అక్క ఆ ట్యూబును వంటింటి గూట్లో ఉప్పుడబ్బా పక్కన పెట్టుకుంది, బుధ, ఆది వారాలలో రాత్రి అన్నం తిన్నాక రాసుకుంటుంది.