పాత కంప్యూటర్లో మెయిల్ ఎర్రర్లు: ఎక్కడ తెగిందో పట్టుకుని సరిచేయడం

విండోస్ 7 మీద అవుట్‌లుక్ 2007తోనో, 2010తోనో ఏళ్ల తరబడి నడిచిన మెయిల్ ఉన్నట్టుండి ఆగిపోతే చాలామంది వెంటనే అకౌంట్ తీసేసి మళ్లీ పెడతారు. ఆ పని చేయకండి. పాప్ పద్ధతిలో దించుకున్న పాత మెయిళ్లు సర్వర్‌లో ఉండకపోవచ్చు, ఈ కంప్యూటర్లో తప్ప మరెక్కడా లేకపోవచ్చు. పైగా అకౌంట్ మళ్లీ పెట్టినంత మాత్రాన అసలు కారణం పోదు.

ముందు కాపీ తీసుకోండి. ప్రోగ్రామ్ పూర్తిగా మూసేశాకే కాపీ చేయాలి. అవుట్‌లుక్ 2010లో మెయిళ్లన్నీ దాచే పీఎస్‌టీ ఫైలు సాధారణంగా మై డాక్యుమెంట్స్‌లోని అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డర్లో ఉంటుంది. 2007లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో మెయిల్, అందులో డేటా ఫైల్స్ తెరిస్తే దారి కనిపిస్తుంది. మీరు వాడేది థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్ అయితే హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ పేజీలో ప్రొఫైల్ ఫోల్డర్ పక్కన ఓపెన్ బటన్ ఉంటుంది. అలా తెరుచుకున్న ఫోల్డర్ మొత్తాన్నీ కాపీ చేయండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు దానిలోకి ఎక్కదు. అప్పుడు పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చుకోవాలి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి.

కోడులో చివరి రెండు అక్షరాలు చూడండి

మెయిల్ ప్రోగ్రామ్ సర్వర్‌ను కలవడం ఒకేసారి జరిగేది కాదు. ముందు సర్వర్ పేరుకు అడ్రస్ వెతుకుతుంది. తర్వాత పోర్టు, అంటే సర్వర్‌లో ఆ సేవకు కేటాయించిన నంబరు దారి, తెరుస్తుంది. ఆపైన ఏ ఎన్‌క్రిప్షన్ వాడాలో రెండూ ఒప్పుకోవాలి. అది కుదిరాకే లాగిన్, ఆ తర్వాతే మెయిళ్లు. ఎక్కడ ఆగిందో అవుట్‌లుక్ చూపే కోడులోనే ఉంటుంది. ఈ కోడులు ఎక్కువగా 0ఎక్స్800సీసీసీ అని మొదలవుతాయి.

0డీ: సర్వర్ పేరుకు అడ్రస్ దొరకలేదు.
0ఈ: అడ్రస్ దొరికింది, సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు.
0ఎఫ్: కనెక్షన్ కుదిరి, మధ్యలో తెగిపోయింది.
19: సర్వర్ నుంచి గడువులోగా జవాబు రాలేదు.
1ఏ: ఎన్‌క్రిప్షన్ రకం కుదరలేదు.
92: యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తిరస్కరించారు.
78, 79: పంపే సర్వర్ మీ మెయిల్ తీసుకోలేదు.

బ్రౌజర్లో మెయిల్ తెరుచుకుంటోంది కదా, అంటే అన్నీ బాగానే ఉన్నట్టే అనుకోవద్దు. నెట్ ఉందనీ, అకౌంట్ బతికే ఉందనీ మాత్రమే దాన్నిబట్టి తెలుస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఎన్‌క్రిప్షన్ పని తామే చూసుకుంటాయి. అవుట్‌లుక్ ఆ పనికి విండోస్ మీద ఆధారపడుతుంది. అదే కంప్యూటర్లో బ్రౌజర్ నడిచి అవుట్‌లుక్ నడవకపోవడానికి తరచూ ఇదే కారణం.

0డీ, 0ఈ, 19 వస్తుంటే

0డీ అయితే ముందు సర్వర్ పేరు అక్షరం అక్షరం చూడండి. చివర్లో ఖాళీ ఉన్నా పనిచేయదు. పేరు సరిగ్గానే ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ అని కొట్టి, ఖాళీ వదిలి, సర్వర్ పేరు ఇవ్వండి. అడ్రస్ రాకపోతే నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీ వెర్షన్ 4 తెరిచి డీఎన్‌ఎస్‌గా (పేరుకు అడ్రస్ చెప్పే సర్వర్‌గా) 8.8.8.8, 1.1.1.1 పెట్టండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఫ్లష్‌డీఎన్‌ఎస్ అని ఒకసారి నడపండి.

0ఈకి ఎక్కువగా పాత పోర్టులే కారణం. ఎన్నో ఏళ్ల క్రితం పెట్టిన అకౌంట్లలో ఇంకా 110, 143, 25 ఉంటాయి, ఎన్‌క్రిప్షన్ ఉండదు. ఇవాళ వాడాల్సినవి ఇవి: ఐమ్యాప్‌కు (మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) 993, పాప్‌కు 995, పంపడానికి 465 లేదా 587. అవుట్‌లుక్‌లో 993, 995, 465కు ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకోవాలి. 587కు మాత్రం టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి. 587 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకుంటే కనెక్షన్ కుదరదు. రెండూ సురక్షితమైనవే అయినా ఎన్‌క్రిప్షన్ మొదలయ్యే తీరు వేరు. 465లో మొదటి క్షణం నుంచే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. 587లో ముందు మామూలుగా పలకరించుకుని తర్వాత ఎన్‌క్రిప్షన్‌కు మారతాయి.

పోర్టు నిజంగా తెరుచుకుంటోందా అన్నది టెల్‌నెట్‌తో తేలుతుంది. విండోస్ 7లో అది ముందుగా ఉండదు. కంట్రోల్ ప్యానెల్, ప్రోగ్రామ్స్, టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ అనే వరుసలో వెళ్లి టెల్‌నెట్ క్లయింట్‌కు టిక్ పెట్టాలి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో టెల్‌నెట్, సర్వర్ పేరు, పోర్టు నంబరు మధ్యలో ఖాళీలతో ఇవ్వండి. 587లో 220తో మొదలయ్యే వరుస రావాలి. 993లో నల్లని ఖాళీ తెర వస్తే పోర్టు తెరుచుకున్నట్టే. ఏదీ రాకుండా చాలాసేపటికి ఫెయిల్ అయితే ఫైర్‌వాల్‌నో యాంటీవైరస్‌నో అనుమానించాలి. గడువు తీరిన యాంటీవైరస్ కొత్త వైరస్‌లను పట్టలేకపోయినా మెయిల్‌ను మాత్రం అడ్డుకుంటూ ఉండొచ్చు. దాని మెయిల్ షీల్డ్‌ను ఆపి చూడండి. తేడా కనిపిస్తే ఆ యాంటీవైరస్‌నే పూర్తిగా తీసేయడం మేలు.

సర్టిఫికెట్ వార్నింగ్ వస్తుంటే

మొట్టమొదట తేదీ చూడండి, గంటలు కాదు, సంవత్సరం. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది సెల్లు అయిపోతే గడియారం కొన్నేళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. ఆ తేదీకి సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి విండోస్ దాన్ని నమ్మదు. రాత్రి స్విచ్‌బోర్డు దగ్గరే స్విచ్ కట్టేసే ఇళ్లలో ఇది పొద్దున్నే బయటపడుతుంది. కరెంటు ఉన్నంతసేపూ సెల్లు లేకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది. అందుకే పగలంతా బాగుండి, పొద్దున మాత్రమే ఎర్రర్ వస్తే సెల్లు మార్చండి.

అది ఎక్కువగా సీఆర్2032 అనే 3 వోల్టుల గుండ్రటి సెల్లు. కరెంటు వైరు పీకేసి, క్లిప్పు పక్కకు నొక్కితే బయటికి వస్తుంది. తీసేముందు బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి హార్డ్ డిస్క్ నడిచే తీరైన శాటా మోడ్ ఏఎహెచ్‌సీఐలో ఉందా, ఐడీఈలో ఉందా రాసుకోండి. సెల్లు తీశాక ఆ సెట్టింగ్ మారిపోతే విండోస్ నీలి తెర దగ్గరే ఆగిపోతుంది. మళ్లీ మొదటి మోడ్ పెడితే మామూలుగా లేస్తుంది. తేదీ, సమయం చేత్తో సరిచేశాకే ఇంటర్నెట్ టైమ్‌లో అప్‌డేట్ నొక్కండి. తేడా 15 గంటలు దాటితే విండోస్ తనంతట తాను గడియారం దిద్దుకోదు. టైమ్ జోన్ భారతదేశానికి 5 గంటల 30 నిమిషాలు ముందున్నట్టు ఉండాలి.

తేదీ సరిగ్గా ఉన్నా వార్నింగ్ పోకపోతే విండోస్ దగ్గరున్న రూట్ సర్టిఫికెట్లు (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనవి) పాతబడి ఉండొచ్చు. సొంత డొమైన్ మెయిల్ వాడేవారికి ఇది ఎక్కువగా తగులుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు ఒకప్పుడు ఆధారపడిన డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసింది. దాని బదులు వాడే ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత సైటు నుంచే దించుకుని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్ అనే స్టోర్‌ను మీరే ఎంచుకోండి. వేరే సైట్ల నుంచి రూట్ సర్టిఫికెట్ ఎప్పుడూ తెచ్చుకోవద్దు. తప్పుడు రూట్ ఒక్కటి చేరినా దాని పేరుతో ఏ నకిలీ సైటైనా మీ కంప్యూటర్‌కు అసలుదిలా కనిపిస్తుంది.

0ఎఫ్, 1ఏ, లేదా ఏ కారణం చెప్పకుండా తెగిపోతుంటే

పాత కంప్యూటర్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చాలా మెయిల్ సర్వర్లు ఎన్‌క్రిప్షన్ పద్ధతి అయిన టీఎల్‌ఎస్‌లో పాత వెర్షన్లు 1.0, 1.1ను మూసేసి, కనీసం 1.2 అడుగుతున్నాయి. విండోస్ 7లో టీఎల్‌ఎస్ 1.2 ఉంది, కానీ ఇలాంటి ప్రోగ్రాములకు అది మొదటి నుంచీ ఆన్‌లో ఉండదు. విండోస్ 8.1 నుంచి ఈ సమస్య లేదు.

ముందు సర్వీస్ ప్యాక్ 1 ఉందో లేదో చూడండి. లేకపోతే వేసుకోండి. తర్వాత మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేబీ3140245 వేసుకోండి. ఆ తర్వాత విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మార్పు చేయాలి:

1. స్టార్ట్ మెనూలో రెజ్ఎడిట్ తెరిచి, ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్‌తో కాపీ దాచుకోండి.
2. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, సెక్యూరిటీప్రొవైడర్స్, ఎస్‌చానెల్, ప్రోటోకాల్స్ అనే వరుసలో లోపలికి వెళ్లండి. అక్కడ ఎస్‌ఎస్‌ఎల్ 2.0 ఒక్కటే కనిపించడం మామూలే.
3. ప్రోటోకాల్స్ కింద టీఎల్‌ఎస్ 1.2 పేరుతో కొత్త కీ, దాని లోపల క్లయింట్ పేరుతో ఇంకో కీ చేయండి. టీఎల్‌ఎస్‌కు, 1.2కు మధ్య ఒక ఖాళీ ఉండాలి.
4. క్లయింట్‌లో 32 బిట్ల డీవర్డ్ విలువలు రెండు: డిజేబుల్డ్‌బైడిఫాల్ట్‌కు 0, ఎనేబుల్డ్‌కు 1. పేర్ల మధ్య ఖాళీలు ఉండకూడదు.
5. కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో యూజ్ టీఎల్‌ఎస్ 1.2 టిక్ కూడా పెట్టండి, కానీ దానితోనే ఆగకండి. చాలామంది ఆ టిక్ పెట్టి, అవుట్‌లుక్ ఇంకా కలవడం లేదని ఇంకెక్కడో వెతుకుతారు.

ఇదంతా చేసినా తెగిపోతుంటే థండర్‌బర్డ్‌కు మారండి. అది ఎన్‌క్రిప్షన్‌కు విండోస్ మీద ఆధారపడదు, సర్టిఫికెట్లు కూడా సొంతంగానే పెట్టుకుంటుంది. విండోస్ 7కి పనిచేసే చివరి వెర్షన్ 115. మైక్రోసాఫ్ట్ విండోస్ 7కి సపోర్టు 2020 జనవరి 14న ఆపేసింది కాబట్టి ఈ కంప్యూటర్లో బ్యాంకు పనులు పెట్టుకోకపోవడం మంచిది.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా పదేపదే అడుగుతుంటే

92 వచ్చినప్పుడు పాస్‌వర్డ్ తప్పే ఉంటుందని అనుకోనక్కర్లేదు. మామూలు పాస్‌వర్డ్‌తో పాత ప్రోగ్రాములను లోపలికి రానిచ్చే పద్ధతినే పెద్ద సంస్థలు ఒక్కొక్కటిగా ఆపేశాయి.

జీమెయిల్‌లో వ్యక్తిగత అకౌంట్లకు ఇది 2022 మే 30న ఆగింది. ఇప్పుడు అవుట్‌లుక్ 2010కి యాప్ పాస్‌వర్డ్, అంటే ఆ ఒక్క ప్రోగ్రామ్ కోసం విడిగా చేసుకునే పాస్‌వర్డ్, కావాలి. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. అది ఆన్ కాకపోతే యాప్ పాస్‌వర్డ్స్ పేజీ మీకు రాదు. ఆన్ చేశాక అకౌంట్ పేజీ పైన వెతికే పెట్టెలో యాప్ పాస్‌వర్డ్స్ అని కొట్టి, ఒక పేరు ఇచ్చి తయారు చేయండి. వచ్చే 16 అక్షరాలను ఖాళీలు లేకుండా అవుట్‌లుక్ పాస్‌వర్డ్ గడిలో పెట్టండి. ఆ 16 అక్షరాలు మళ్లీ కనిపించవు. పోతే కొత్తది చేసుకోవచ్చు. గూగుల్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ మార్చిన రోజున యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఇంట్లో ఎవరో ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చాక డెస్క్‌టాప్‌లో మెయిల్ ఆగిందంటే కారణం అదే.

యాహూకు కూడా దాని అకౌంట్ సెక్యూరిటీ పేజీలో చేసుకున్న యాప్ పాస్‌వర్డే కావాలి.

హాట్‌మెయిల్, అవుట్‌లుక్ డాట్ కామ్ అడ్రస్‌ల సంగతి వేరు. 2024 సెప్టెంబర్ 16 నుంచి అక్కడ పాస్‌వర్డ్ ఒక్కదానితో లాగిన్ కుదరదు. యాప్ పాస్‌వర్డ్ కూడా పనిచేయదు. ఓఆథ్2 పద్ధతి (పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌కు ఇవ్వకుండా సంస్థ సొంత లాగిన్ పేజీ ద్వారా అనుమతి ఇచ్చేది) తెలిసిన ప్రోగ్రామే కావాలి, అవుట్‌లుక్ 2007, 2010కి అది తెలియదు. ఎన్ని సెట్టింగులు మార్చినా ఉపయోగం లేదు, థండర్‌బర్డ్‌కు మారడమే దారి. అందులో అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆథెంటికేషన్ మెథడ్ దగ్గర ఓఆథ్2 ఎంచుకోండి. మెయిల్ వచ్చే సర్వర్‌కు, పంపే సర్వర్‌కు రెండింటికీ విడివిడిగా పెట్టాలి. లాగిన్ విండో ఖాళీగా తెరుచుకుంటే ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి. సేవ్డ్ పాస్‌వర్డ్స్‌లో ఆ అకౌంట్ పాత వరుసలన్నీ తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

మెయిల్ వస్తోంది, వెళ్లడం లేదు

రావడానికి, పోవడానికి సర్వర్లు వేరు కాబట్టి ఒకటి నడిచి ఒకటి ఆగడం మామూలే. 0ఎక్స్80042109 లేదా 78, 79 వస్తే మోర్ సెట్టింగ్స్‌లో అవుట్‌గోయింగ్ సర్వర్ ట్యాబ్ తెరవండి. మై అవుట్‌గోయింగ్ సర్వర్ రిక్వైర్స్ ఆథెంటికేషన్‌కు టిక్ ఉండాలి. పోర్టు 25 ఉంటే 587కు మార్చండి. స్పామ్ ఆపడానికి చాలా నెట్ కంపెనీలు 25ను మూసేసి ఉంచుతాయి.

చిన్న మెయిళ్లు వెళ్తూ ఫొటోలున్నవి అవుట్‌బాక్స్‌లో ఇరుక్కుంటే ముందు సైజు చూడండి. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. మెయిల్లోకి ఎక్కేటప్పుడు ఫైలు సుమారు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి 18 ఎంబీ దాటితే అనుమానమే. సైజు చిన్నదైనా వెళ్లకపోతే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో సర్వర్ టైమ్‌అవుట్‌ను 5 నిమిషాలకు పెంచండి. ఇరుక్కున్న మెయిల్‌ను వర్క్ ఆఫ్‌లైన్ నొక్కాక డ్రాఫ్ట్స్‌లోకి లాగేయండి, లేకపోతే అది వెనకున్న వాటిని కూడా ఆపుతుంది.

అప్పటికీ వెళ్లకపోతే ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌లో వెళ్లగల గరిష్ఠ సైజు, చూడాలి. పీపీపీఓఈ పద్ధతిలో (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో) లాగిన్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్‌లో ఒక ప్యాకెట్ పరిమితి 1492 బైట్లు, కంప్యూటర్ మాత్రం 1500 అనుకుంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్, మైనస్ ఎఫ్, మైనస్ ఎల్, 1472, ఆపైన 1.1.1.1 ఇచ్చి చూడండి. జవాబు రాకుండా, 1472 బదులు 1464 ఇస్తే జవాబు వస్తే పరిమితి 1492 అని తేలినట్టే. హెడర్ల 28 బైట్లు కలిపి లెక్క. రౌటర్ సెట్టింగ్స్‌లో వ్యాన్ పేజీలో ఎంటీయూను 1492 చేస్తే ఇంట్లో అన్ని పరికరాలకూ సరిపోతుంది.

ఎక్స్‌పీ, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్

ఎక్స్‌పీలో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌కు టీఎల్‌ఎస్ 1.0కి మించి రాదు. దాని మీద గంటలు ఖర్చు పెట్టవద్దు. అది మెయిళ్లు దాచే డీబీఎక్స్ ఫైళ్లను కాపీ చేసుకోండి, ఒక్కో ఫైలు 2 జీబీకి దగ్గరపడి ఉంటే దాన్ని తెరిచి మార్పులు చేయకుండా ముందే కాపీ చేయండి. ఎక్స్‌పీకి చివరిగా వచ్చిన థండర్‌బర్డ్ 52 అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ మెయిళ్లను దిగుమతి చేసుకుంటుంది. నెట్ వైరు తీసేసి ఆ పని చేసి, తయారైన ప్రొఫైల్ ఫోల్డర్‌ను కొత్త కంప్యూటర్లోని థండర్‌బర్డ్‌కు తరలించండి. ప్రాసెసర్ 64 బిట్లదై, ర్యామ్ 4 జీబీ ఉంటే అదే కంప్యూటర్ మీద లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకూ హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదు.