డ్రోన్ ఎగరేయడానికి ట్యాబ్లెట్ కొంటున్నారా? ముందు స్క్రీన్ సంగతి తేల్చుకోండి

ట్యాబ్లెట్ అనగానే చూపు ప్రాసెసర్ మీదికీ ర్యామ్ మీదికీ పోతుంది. డ్రోన్ కోసం కొనేవాళ్లు మాత్రం స్క్రీన్‌తో మొదలుపెట్టాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో డ్రోన్ కెమెరా పంపే బొమ్మ కనబడకపోతే లోపల ఎంత మంచి చిప్ ఉన్నా దండగే.

స్క్రీన్ బ్రైట్‌నెస్‌ని నిట్స్‌లో చెబుతారు. 400 నిట్స్ దాటని ట్యాబ్లెట్ నీడ పట్టునే పనికొస్తుంది. 500 ఉంటే పైన హుడ్ (ఎండ పడకుండా కప్పే గొడుగు లాంటిది) తగిలించి నెట్టుకురావచ్చు. డ్రోన్ల కంపెనీ డీజేఐ అమ్మే, కంట్రోలర్‌లోనే (చేత్తో పట్టుకుని డ్రోన్ నడిపే రిమోట్) స్క్రీన్ ఉండే ఆర్‌సీకి 700, ఆర్‌సీ ప్రోకి 1000 నిట్స్ ఇచ్చారంటే ఆరుబయట ఎంత వెలుగు కావాలో అర్థమవుతుంది. అలాగని అంకె ఒక్కటే నమ్ముకున్నా దెబ్బతింటారు. ఆరో తరం ఐప్యాడ్ మినీకీ, పదో తరం మామూలు ఐప్యాడ్‌కీ కంపెనీ చెప్పే లెక్క ఒకటే, 500 నిట్స్. కానీ మినీలో పై గాజుని డిస్‌ప్లేకి ఖాళీ లేకుండా అతికించి, మెరుపు తగ్గించే పూత కూడా వేశారు. మామూలు ఐప్యాడ్‌లో ఈ రెండూ లేవు. ఎండలో చేతపట్టుకుంటే అందులో డ్రోన్ పంపే దృశ్యం కంటే మీ ముఖమే ఎక్కువ కనిపిస్తుంది. ఇంకో సంగతి: పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని స్క్రీన్లు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి. కొనేముందే ఆ అద్దాలతో ట్యాబ్లెట్‌ని అడ్డంగా, నిలువుగా తిప్పి చూడండి.

సైజు 8 అంగుళాల దగ్గర ఆగడం మంచిది. ఐప్యాడ్ మినీ బరువు 300 గ్రాముల లోపే. 10, 11 అంగుళాల ట్యాబ్లెట్లు దాదాపు అర కిలో తూగుతాయి. ఆ బరువుకి కంట్రోలర్ ముందుకి వాలిపోయి, కాసేపటికే మణికట్లు లాగేస్తాయి. పెద్దదే కావాలంటే మెడ పట్టీ తప్పనిసరి.

8 అంగుళాలది కూడా కంట్రోలర్‌కి ఉండే ఫోన్ క్లిప్‌లో నేరుగా పట్టదు. స్క్రీన్ లేని డీజేఐ కంట్రోలర్ ఆర్‌సీ-ఎన్1 క్లిప్‌లో 180 మిల్లీమీటర్ల పొడవు, 86 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం వరకే పడుతుంది. మినీ వెడల్పే దాదాపు 135. అందుకని విడిగా ట్యాబ్లెట్ హోల్డర్ కొనాలి. ఈ కంట్రోలర్ యాంటెనాలు ఆ క్లిప్‌లోనే ఉంటాయని చాలామందికి తెలియదు. ట్యాబ్లెట్ లోహపు వీపు క్లిప్‌కీ డ్రోన్‌కీ మధ్య అడ్డుపడేలా హోల్డర్ ఉంటే సిగ్నల్ పడిపోతుంది. ట్యాబ్లెట్ క్లిప్‌కి మీ వైపునో, పైనో నిలబడాలి.

ఐప్యాడ్ తీసుకుంటే వైఫై మోడలా, సెల్యులర్ మోడలా అన్నది పెద్ద ప్రశ్న. వైఫై మోడల్‌లో జీపీఎస్ ఉండదు. డ్రోన్‌కి దాని సొంత జీపీఎస్ ఉంటుంది కాబట్టి బయల్దేరిన చోటికి తిరిగి రావడానికి ఇబ్బంది లేదు. అయితే మ్యాప్‌లో మీరెక్కడున్నారో కనిపించాలన్నా, పడవలోనో నడుస్తూనో ఉండి హోమ్ పాయింట్‌ని (డ్రోన్ తిరిగొచ్చే చోటుని) మీ దగ్గరికి మార్చుకోవాలన్నా, ఆర్‌సీ-ఎన్1 లాంటి జీపీఎస్ లేని కంట్రోలర్‌కి ట్యాబ్లెట్ జీపీఎస్సే దిక్కు. అలాంటి పనులుంటే సెల్యులర్ మోడలే తీసుకోండి. జీపీఎస్ కోసం సిమ్ వేయక్కర్లేదు.

ఇప్పుడు వేడి. ఐప్యాడ్‌లు చుట్టూ 35 డిగ్రీల సెల్సియస్ వేడి వరకు వాడేలా తయారైనవి. ఎండ నేరుగా తగులుతూ, బ్రైట్‌నెస్ నిండుగా ఉండి, డ్రోన్ పంపే వీడియోని ఆగకుండా విప్పి చూపిస్తుంటే (డీకోడ్) ట్యాబ్లెట్ తట్టుకునే హద్దు తొందరగానే దాటుతుంది. అప్పుడు ట్యాబ్లెట్ తనంతట తానే స్క్రీన్‌ని మసకబారుస్తుంది. మరీ ముదిరితే హెచ్చరిక చూపి పని ఆపేస్తుంది. వెనక కేస్ తీసేయండి. హుడ్ కింద గాలి ఆడే సందు వదలండి. బ్యాటరీ మార్చుకునే విరామంలో ట్యాబ్లెట్‌ని కారు డ్యాష్‌బోర్డు మీద కాకుండా నీడలో పెట్టండి.

ప్రాసెసర్ సంగతి చివరికి వచ్చిందని తీసిపారేయకండి. చౌక ట్యాబ్లెట్ వీడియోని ఆలస్యంగా విప్పుతుంది, చూసేవాళ్లు సిగ్నల్ బాగాలేదనుకుంటారు. డ్రోన్ సెకనుకి 10 మీటర్ల వేగంతో పోతుంటే, 0.3 సెకన్ల ఆలస్యమంటే స్క్రీన్ మీద కనిపించే చోటు కంటే అది 3 మీటర్లు ముందున్నట్టు. చెట్ల మధ్య ఆ తేడా చాలు, కొమ్మకి తగిలించడానికి. ఆండ్రాయిడ్ అయితే 4 జీబీ ర్యామ్ కనీసం, 6 ఉంటే నిశ్చింత. స్టోరేజీ 64 జీబీ సరిపోతుంది, అసలు వీడియో డ్రోన్‌లోని మెమరీ కార్డులోనే ఉంటుంది. డబ్బు కట్టేముందు తమ యాప్‌కి సరిపోయేవని డ్రోన్ కంపెనీ ఇచ్చే పరికరాల జాబితాలో మీ మోడల్ ఉందో లేదో చూసుకోండి. డీజేఐ డ్రోన్లు నడిపే డీజేఐ ఫ్లై యాప్ గూగుల్ ప్లే స్టోర్‌లో ఉండదు, ఆండ్రాయిడ్ వాళ్లు కంపెనీ సైట్ నుంచి వేసుకోవాలి.

కేబుల్ విషయంలో పిసినారితనం వద్దు. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌లో డేటా తీగలు ఉండవు: ట్యాబ్లెట్ చార్జ్ అవుతుంది, వీడియో రాదు. రెండు వైపులా సీ-టైప్ ఉన్న పొట్టి డేటా కేబుల్, ఒంపు తిరిగిన కొనతో తీసుకోండి. నిటారు కొన హోల్డర్‌కి ఒత్తుకుని పోర్టుని వదులు చేస్తుంది. ట్యాబ్లెట్‌ని నిండుగా చార్జ్ చేసుకునే బయల్దేరాలి. ఆర్‌సీ-ఎన్1 మామూలుగా 6 గంటలు నడుస్తుంది, దానికి తగిలించిన ఫోన్‌ని చార్జ్ చేస్తుంటే 4 గంటలకి దిగుతుంది.

ఎగరేసే ముందు రోజు ఇంట్లోనే యాప్, ఫర్మ్‌వేర్ (డ్రోన్, కంట్రోలర్‌ల లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు కానిచ్చేసి, ఆ చోటి మ్యాప్‌ని ఒకసారి తెరిచి ఉంచండి. మైదానంలోకి వెళ్లాక ఆటో బ్రైట్‌నెస్, ట్రూ టోన్ (చుట్టూ వెలుగుని బట్టి రంగులు మార్చే ఐప్యాడ్ సెట్టింగ్), నోటిఫికేషన్లు ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో డ్రోన్ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయకపోతే మధ్యలో సిస్టమే దాన్ని మూసేయవచ్చు. కంట్రోలర్ లేకుండా వైఫైతో నడిచే డ్రోన్‌కైతే మొబైల్ డేటా కూడా ఆపాలి. ఇంటర్నెట్ లేని వైఫై అని ట్యాబ్లెట్ దాన్ని వదిలేసి డేటాకి మారిపోతుంది, డ్రోన్‌తో లింకు తెగుతుంది.

కంట్రోలర్ ఉన్న డ్రోన్ గాల్లో ఉండగా దృశ్యం ఆగిపోతే కంగారు పడొద్దు. డ్రోన్ లింకు కంట్రోలర్‌తో, ట్యాబ్లెట్‌తో కాదు. కంట్రోలర్ మీది స్టిక్స్ వదిలేస్తే జీపీఎస్ దొరికిన డ్రోన్ ఉన్నచోటే నిలబడుతుంది. కళ్లతో దాన్ని చూస్తూ కేబుల్ పీకి మళ్లీ పెట్టండి, యాప్ మూసి తెరవండి. అయినా దృశ్యం రాకపోతే డ్రోన్‌ని వెనక్కి రప్పించే, కంట్రోలర్ మీదున్న రిటర్న్ టు హోమ్ బటన్‌ని బీప్ వినిపించేదాకా నొక్కిపట్టండి.