పిట్టల గూళ్ల లెక్క రాయడం ఎలా

పొద్దున్నే ఎండ ఎక్కకముందే పక్షుల లెక్కలు రాసే ఈబర్డ్ యాప్‌లో జాబితా మొదలుపెట్టండి. కనీసం 15 నిమిషాలు ఉండి, కనిపించిన, వినిపించిన ప్రతి జాతినీ సంఖ్యతో రాయండి. తర్వాత బ్రీడింగ్ కోడ్, అంటే ఆ పిట్ట అక్కడ గూడు పెట్టిందా, పిల్లల్ని సాకుతోందా అని చెప్పే గుర్తు.

ఎక్కువ తప్పులు ఇక్కడే. ప్రకాశం బ్యారేజీ దగ్గర గూడబాతు (పెలికాన్) కనిపిస్తే అది అక్కడ గూడు పెట్టినట్టు కాదు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు చెట్ల మీద పొదిగే పక్షులు మేతకు చాలా దూరం పోతాయి. గిజిగాడి గూళ్లను జంటలుగా లెక్కించొద్దు, మగపిట్ట ఒక్కటే సగం అల్లిన గూళ్లు చాలా వేలాడదీస్తుంది. ఈతచెట్టు కింద కాసేపు ఆగి, ఆడపిట్ట మేతతో లోపలికి పోతేనే పిల్లలున్నట్టు రాయండి. కాకి నోట మేత తినే పిల్ల కోయిలదేమో, ఒంటి మీద చుక్కలు చూడండి.

కొమ్మలు వంచి గూట్లోకి తొంగిచూడొద్దు. తల్లి లేచిపోతే మన ఎండకు గుడ్లు చెడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. ఆ ఒక్క వివరం లేకపోయినా ఫరవాలేదు.