హెలికాప్టర్ దిగే ముందు మైదానంలో చూసుకోవాల్సినవి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఎన్నికలంటే పోలింగ్ సిబ్బంది హెలికాప్టర్లో రావడం మామూలే. సిరొంచ వైపు మైదానం సిద్ధం చేసే మనవాళ్లు ఇవి చూసుకోండి.

కరెంటు తీగలుంటే ముందే అధికారులకు చెప్పండి. పైనుంచి స్తంభం కనిపిస్తుంది గానీ సన్నటి తీగ చెట్ల రంగులో కలిసిపోతుంది.

నేలను బాగా తడపండి. దిగేటప్పుడు పైలట్ కళ్లు మీటర్ల మీదకన్నా బయటే ఎక్కువ ఉంటాయి. గడ్డి, రాళ్లు ఎటు, ఎంత వేగంగా జరుగుతున్నాయో చూసి ఎత్తు, వేగం పోల్చుకుంటాడు. దుమ్ము లేస్తే అవన్నీ మాయం. పైగా కదిలే దుమ్మును చూసి, నిలిచి ఉన్న హెలికాప్టరే పక్కకు జరుగుతోందని భ్రమపడొచ్చు. పైపైన చల్లితే లాభం లేదు, మన ఎండకు ఇట్టే ఆరిపోతుంది.

దిగే చోట వేసే హెచ్ గుర్తుకు పొడి సున్నం వద్దు, నీళ్లలో కలిపి పూయండి. పొడి ఎగిరితే అదీ దుమ్మే.

టెంటు గుడ్డలు, పాలిథిన్ సంచులు తీసేయండి. రెక్కల్లోకి లేస్తాయి.

తోక వైపు ఎవరినీ పోనివ్వకండి. అటు పైలట్ చూడలేడు, గిర్రున తిరిగే చిన్న రెక్క మనకూ సరిగా కనిపించదు. సెల్ఫీల కోసం పరిగెత్తే కుర్రాళ్లతోనే టెన్షన్.